‘వస్తే’ అన్నానా, ‘వస్తేనే’ అన్నానా?

ఖమ్మం జిల్లాలోని ఒక చిన్న పట్టణం నుంచి ఒక తండ్రి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఆయనకు 48 ఏళ్లు. మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం ఉంది, ఇళ్లలో కరెంటు పనులూ చేస్తారు. డిగ్రీ పూర్తిచేసిన కూతురు, ఇంటర్ చదువుతున్న కొడుకు. కిందటేడు దసరా నాడు భోజనాల దగ్గర ఆయన కూతురికి రెండు మాటలిచ్చారట. మొదటిది, ‘ఐసెట్‌లో వెయ్యిలోపు ర్యాంకు వస్తే హైదరాబాదులో ఎంసీఏ చదివిస్తాను.’ రెండోది, ‘సీటూ ఉద్యోగమూ రెండూ రాకపోతే సంబంధాలు చూస్తాం.’

ర్యాంకు 1,340 వచ్చింది. ఖమ్మంలో సీటు వచ్చింది. రెండో విడత కౌన్సెలింగ్‌లో హైదరాబాదు కాలేజీ కూడా దొరికేలా ఉంది. ఉద్యోగం మాత్రం రాలేదు. వెయ్యి దాటింది కాబట్టి హైదరాబాదు మాట ఎత్తవద్దని తండ్రి అన్నారు. అమ్మాయి నోటుపుస్తకంలో కాగితం చింపి, ఒక పట్టిక గీసి ఫ్రిజ్ తలుపు మీద అతికించింది. ‘షరతు నెరవేరలేదు, నిజమే. అయినా మీరు పంపిస్తే మాట తప్పినట్టు కాదు, చూసుకోండి’ అంది. ‘మీ నాన్న వస్తేనే అన్నారు, నా చెవులారా విన్నాను’ అని తల్లి. ఇంతలో మేనమామ ఒక సంబంధం తెచ్చారు. ‘రెండూ రాలేదుగా, ఒక్కటే వచ్చింది, చూడవచ్చు’ అని తల్లి అంటే, ‘సీటు వచ్చాక కూడా సంబంధాలు చూస్తే నాన్న మాట తప్పినట్టే’ అని కూతురు. మూడు వారాలుగా తండ్రీకూతుళ్ల మధ్య మాటల్లేవు. మధ్యాహ్నం దుకాణానికి క్యారియర్ తెస్తుంది, బల్ల మీద పెట్టి వెళ్లిపోతుంది. ‘ఇన్నేళ్లు మాట మీద బతికాను. నేను మాట తప్పానా? ఆ పట్టిక నిజమేనా, లేక మాటల గారడీయా?’ అని అడిగారు. చివరి పేజీ అంచున వేరే సిరాతో ఒక వాక్యం ఉంది: ‘చిన్నవాడికి కూడా వచ్చే ఏడు ఫీజు కట్టాలి.’

*

మీరు మాట తప్పలేదు. ఈ ముక్క ముందు చెప్పకపోతే మిగతాది మీరు స్థిమితంగా చదవలేరు. మీ అమ్మాయి గీసిన పట్టికలో గారడీ కూడా లేదు, ప్రతి గడీ సరిగ్గానే ఉంది. అయితే ఆ పట్టికను ఆమె ఒక మాటకు వాడి, రెండో మాట దగ్గర మడిచి పెట్టేసింది. మీరు సరిగ్గా తిరగేసి అదే పని చేశారు. చిక్కంతా అక్కడుంది.

పట్టిక మీకు కొత్తేమీ కాదు. మన రోజుల్లో పదో తరగతి లెక్కల పుస్తకంలో ‘ప్రవచనాలు, సమితులు’ అని ఒక పాఠం ఉండేది. ప్రవచనం అంటే అక్కడ నిజమో అబద్ధమో తేల్చగల వాక్యం. టి అంటే నిజం, ఎఫ్ అంటే అబద్ధం. టి టి ఎఫ్ ఎఫ్ అని ఒక నిలువు వరుస, టి ఎఫ్ టి ఎఫ్ అని దాని పక్కన ఇంకొకటి, ఎందుకో తెలియకుండానే దింపుకుంటూ పోయేవాళ్లం. ఎవరూ చెప్పలేదు, మనమూ అడగలేదు, మార్కులు మాత్రం వచ్చేవి. ఇప్పుడు ఐసెట్ సిలబస్‌లో ప్రవచనాలూ, సత్యపట్టికలూ, విపర్యయం, విలోమం అన్నీ ఉన్నాయి. అంటే మీరు పెట్టిన పరీక్షే ఆమెకు మీతో వాదించే పనిముట్టు చేతికిచ్చింది. ఇందుకు మీరు నొచ్చుకోవలసింది లేదు, లోలోపల కొంచెం మురిసిపోయినా తప్పులేదు.

పుస్తకం సంగతి వదిలి మీ పనిలోంచే చూద్దాం. మెట్ల దగ్గర లైటు బిగిస్తారు కదా, కింద ఒక స్విచ్, పైన ఒక స్విచ్. బిగించాక ఏం చేస్తారు? కిందిది వేసి చూస్తారు. పైకి వెళ్లి అక్కడిది వేసి చూస్తారు. మళ్లీ కిందికి దిగి ఒకటి తీసేసి, మరోసారి పైకెక్కి రెండోదీ తీసేసి చూస్తారు. రెండు స్విచ్‌లకు ఎన్ని స్థితులు సాధ్యమో అన్నీ చూశాకే ఇంటివాళ్లను డబ్బు అడుగుతారు. సత్యపట్టిక అంటే ఆ మెట్లెక్కి దిగే పనిని కాగితం మీద చేయడం. స్విచ్‌లు రెండైతే నాలుగు వరుసలు, మూడైతే ఎనిమిది, నాలుగైతే పదహారు. ఏ వరుసనూ వదలకూడదు. ఒకే తీగ మీద రెండు స్విచ్‌లు ఒకదాని తర్వాత ఒకటి పెడితే అది ‘మరియు’, రెండూ వేస్తే తప్ప వెలగదు. రెండు వేర్వేరు దారులు ఇచ్చి చెరో స్విచ్ పెడితే అది ‘లేదా’, ఏది వేసినా వెలుగుతుంది. 1937లో క్లాడ్ షానన్ అనే 21 ఏళ్ల అమెరికా కుర్రవాడు తర్కానికీ స్విచ్‌లకూ ఉన్న ఈ చుట్టరికాన్నే తన ఎంఐటీ పరిశోధన వ్యాసంలో విప్పి చూపించాడు. ఇవాళ్టి కంప్యూటర్లు లోపల చేసే పని అదే. ఆమె చదవాలనుకుంటున్న చదువుకూ మీ వైండింగ్ బల్లకూ మీరనుకుంటున్నంత దూరం లేదు.

ఇక మొదటి మాట. ‘మాట నిలిచింది’ అని ఒక బల్బు ఉందనుకోండి. ర్యాంకు రావడం ఒక స్విచ్, మీరు పంపడం ఇంకో స్విచ్. ‘ర్యాంకు వస్తే పంపిస్తాను’ అన్న మాటకు నాలుగు వరుసలు ఇలా వస్తాయి.

ర్యాంకు వచ్చింది, పంపారు: బల్బు వెలుగుతుంది.
ర్యాంకు వచ్చింది, పంపలేదు: ఆరిపోతుంది.
ర్యాంకు రాలేదు, పంపారు: వెలుగుతుంది.
ర్యాంకు రాలేదు, పంపలేదు: వెలుగుతుంది.

ఎవరికైనా మూడో వరుస దగ్గరే మింగుడుపడదు. మీ దుకాణంలోకే రండి. ‘సాయంత్రంలోగా మోటారు తెచ్చిస్తే రేపు పొద్దున్నకు చుట్టి ఇస్తాను’ అని ఒక రైతుతో అన్నారు. అతను రాత్రి తొమ్మిదింటికి తెచ్చాడు. పొలం ఎండిపోతోందని మీరు నిద్ర మానుకుని కూర్చుని పొద్దున్నకల్లా ఇచ్చేశారు. మీరు మాట తప్పారని అతను అంటాడా? దండం పెట్టి వెళతాడు. పోనీ, ఇవ్వలేదనుకోండి, అప్పుడూ నిలదీయలేడు, ఆలస్యం తనదే. షరతు నెరవేరలేదంటే ఆ మాట ఇక మిమ్మల్ని ఎటూ లాగదు. పట్టికలో గడి ఖాళీగా వదలడానికి వీల్లేదు కాబట్టి, తప్పనిది నిలిచినట్టే అని సత్యం కింద రాస్తారు. అంతకు మించి అందులో మర్మం లేదు.

ఈ జగడం మీ ఇంట్లోనే మొదటిసారి రాలేదు. క్రీస్తు పుట్టడానికి రెండు మూడు వందల ఏళ్ల ముందే గ్రీసులో ఫైలో అనే తార్కికుడు, షరతు నిజమై ఫలితం అబద్ధమైనప్పుడు తప్ప అలాంటి వాక్యం అబద్ధం కాదని వాదించాడు. ఆయన గురువు డయొడోరస్ ససేమిరా అన్నాడు. వాదన ఎంతగా ముదిరిందంటే, ఇళ్ల కప్పుల మీద కాకులు కూడా ఏ షరతు నిజమో అని అరుస్తున్నాయని కాలిమకస్ అనే కవి ఎగతాళి చేశాడు. గురుశిష్యుల మధ్యే అంత గొడవైతే తండ్రీకూతుళ్ల మధ్య మూడు వారాల మౌనం పెద్ద వింత కాదు.

అలాగని, ర్యాంకు రాలేదు కాబట్టి హైదరాబాదు లేదని మీరు అనుకున్నదీ తెలివితక్కువతనం కాదు. ‘పచ్చిక కోస్తే అయిదు డాలర్లు ఇస్తాను’ అంటే వినేవాడు ‘కోయకపోతే ఇవ్వరు’ అనే ముక్కను తనకు తానే కలుపుకుంటాడని గైస్, జ్వికీ అనే ఇద్దరు భాషాశాస్త్రవేత్తలు 1971లో రాశారు. వాక్యంలో ఆ ముక్క ఉండదు, చెవిలో ఉంటుంది. మనమూ అంతే. ‘ఎండ ఎక్కువైతే రాను’ అన్న చుట్టం కోసం మబ్బు పట్టిన రోజు ఎసట్లో మరో గిద్దెడు బియ్యం పోస్తాం. ఆయన వస్తానని ఎక్కడా అనలేదు, అయినా పోస్తాం. కాబట్టి పట్టిక ప్రకారం ఒక అర్థం, లోకరీతి ప్రకారం ఇంకో అర్థం. రెండూ బతికున్న అర్థాలే.

మీ శ్రీమతి విన్నానంటున్న ‘వస్తేనే’ సంగతి వేరు. ఆ చివరి ‘నే’ ఎంత పని చేస్తుందో చూడండి. ‘వస్తే పంపిస్తాను’ అంటే రెండో వరుసలో బల్బు ఆరుతుంది. ‘వస్తేనే పంపిస్తాను’ అంటే ఆరేది మూడో వరుసలో: ర్యాంకు రాకుండా పంపితే మాట పోతుంది. ఇంకో తమాషా ఉంది. ‘వస్తేనే’ అన్నవాడు ర్యాంకు వచ్చాక పంపి తీరాలని కూడా కచ్చితంగా లేదు, డబ్బు సర్దుబాటు కాలేదని ఆగిపోవచ్చు. రెండు వైపులా కట్టుబడాలంటే ‘వస్తే పంపిస్తాను, రాకపోతే పంపను’ అని రెండూ అనాలి. అది మీ మెట్ల లైటు లాంటిది: రెండు స్విచ్‌లూ ఒకే వైపు ఉంటే వెలుగు, చెరోవైపు ఉంటే చీకటి.

అయితే ఆ రోజు మీరు ఏమన్నారో మీకే గుర్తులేదని రాశారు. అరిసెల ముందు కూర్చుని అన్న మాటకు ‘నే’ ఉందా లేదా అని సాక్ష్యాలు తవ్వడం మొదలుపెడితే, గెలిచినవాళ్లకు కూడా అన్నం సహించదు. నా సలహా అడిగితే దాన్ని వదిలేయండి. మీరు ఉత్తరంలో మీ చేత్తో రాసింది ‘వస్తే’ అనే. దాన్నే పట్టుకుని ముందుకు వెళతాను.

రెండో మాట ఇంకా చిక్కుది. ‘సీటూ ఉద్యోగమూ రెండూ రాకపోతే’ అన్నారు. ఏదీ రాకపోతే అని మీ ఉద్దేశం. రెండూ కలిసి రాకపోతే, అంటే ఒక్కటి తక్కువైనా సరే, అని మీ శ్రీమతి అర్థం చేసుకున్నారు. ఆవిడను తప్పుపట్టకండి, తెలుగులో ఆ వాక్యానికి రెండర్థాలూ వస్తాయి. వరుసలు వేసి చూస్తే తేడా తెలుస్తుంది. సీటు, ఉద్యోగం రెండూ వచ్చాయి, సీటే వచ్చింది, ఉద్యోగమే వచ్చింది, ఏదీ రాలేదు. మీ అర్థంలో షరతు నెరవేరేది చివరి వరుసలో మాత్రమే. ఆవిడ అర్థంలో చివరి మూడింటిలోనూ నెరవేరుతుంది. ‘రెండూ వచ్చాయి’ అన్నదాన్ని కాదంటే ‘కనీసం ఒకటి రాలేదు’ అవుతుంది, ‘ఏదో ఒకటైనా వచ్చింది’ అన్నదాన్ని కాదంటే ‘ఏదీ రాలేదు’ అవుతుంది. ఈ సూత్రానికి డీ మోర్గాన్ పేరు పెట్టారు. ఆయన ఇంగ్లీషు గణితవేత్తే గానీ 1806లో పుట్టింది మన మదురైలో. ఇప్పుడు మీరున్నది రెండో వరుసలో, సీటే వచ్చింది. సరిగ్గా మీ ఇద్దరి అర్థాలూ విడిపోయే చోటు.

మాట ఇచ్చింది మీరు కాబట్టి మీ అర్థమే తీసుకుందాం. ఏదీ రాకపోతే సంబంధాలు చూస్తామన్నారు. సీటు వచ్చింది. షరతు నెరవేరలేదు. అప్పుడు సంబంధాలు చూస్తే మాట తప్పినట్టా? మీ అమ్మాయి అవునంటోంది. కానీ ఫ్రిజ్ మీది కాగితంలో మూడో వరుసను ఆమెనే చూడమనండి: షరతు లేదు, పని జరిగింది, బల్బు వెలుగుతోంది. ‘ఇది జరిగితే అది’ అన్నదాంట్లోంచి ‘ఇది జరగకపోతే అది ఉండదు’ అని లాగడాన్నే విలోమం అంటారు. అసలు వాక్యం నిజమైనంత మాత్రాన విలోమం నిజం కానక్కర్లేదని ఆమె ఐసెట్ కోసం చదివే ఉంటుంది. హైదరాబాదు విషయంలో మీరు చేసిన తప్పునే పెళ్లి విషయంలో ఆమె చేసింది. మీకు మొదటి మాటలో లోకరీతి కలిసొచ్చింది, ఆమెకు రెండో మాటలో కలిసొచ్చింది. ఇద్దరూ ఎవరికి లాభించిన త్రాసు వాళ్లు పట్టుకున్నారు.

ఇప్పుడు ఒకే త్రాసుతో తూచి చూడండి. పట్టిక ప్రకారం రెండు షరతులూ నెరవేరలేదు. ఆమెను పంపి సంబంధాలు చూడకపోవచ్చు. పంపకుండా చూడవచ్చు. రెండూ చేయవచ్చు. రెండూ మానవచ్చు. నాలుగింటిలో ఏది చేసినా మీ రెండు బల్బులూ వెలుగుతూనే ఉంటాయి. దసరా నాటి మాటలు మిమ్మల్ని ఏ వైపూ నెట్టడం లేదు. మీరు పరువుగా భావిస్తున్న ‘మాట’ ఈ తగాదాలో అసలు లేనే లేదు.

మరి ఏముంది? ఉత్తరం అంచున వేరే సిరాతో రాసిన ఆ ఒక్క వాక్యం ఉందనుకుంటున్నాను.

మీ ముందున్న దారులు చెబుతాను. ఏది పట్టాలో నేను చెప్పను, ఇల్లు మీది.

ఇద్దరికీ లోకరీతే వర్తిస్తుందని అనుకోవచ్చు. అప్పుడు ర్యాంకు రాలేదు కాబట్టి హైదరాబాదు లేదు, సీటు వచ్చింది కాబట్టి సంబంధాలూ లేవు. ఆమె ఖమ్మంలో చదువుతుంది, మేనమామకు మీరే ఫోను చేసి ఇప్పుడు వద్దని చెబుతారు. ఇందులో ఖర్చు తక్కువ, ఇద్దరూ చెరొకటి వదులుకున్నట్టు ఉంటుంది. ఆమెకు మాత్రం 340 ర్యాంకుల తేడాతో నగరం పోయిందన్న బాధ కొన్నేళ్లు ఉంటుంది. మీ శ్రీమతి కూడా అన్న దగ్గర మాట పడవలసి వస్తుంది. ఆవిడను ముందే కూర్చోబెట్టి చెప్పకపోతే ఈ దారి నెల తిరక్కుండా మూసుకుపోతుంది.

ఇద్దరికీ పట్టికే అనుకుంటే రెండు మాటలూ చెల్లిపోయినట్టు. నిర్ణయాలు మళ్లీ మొదటి నుంచి తీసుకోవాలి. కష్టమైన దారి ఇదే, నాకు ఎక్కువ నచ్చేదీ ఇదే. ‘వెయ్యి దాటింది’ అనే తెర వెనక మీరు ఇక నిలబడలేరు. హాస్టలుకు ఇంత, కాలేజీకి ఇంత, తమ్ముడికి ఇంత, దుకాణం మీద నెలకు వచ్చేది ఇంత అని కూతురి ముందు అంకెలు పెట్టాలి. కూతురి దగ్గర చేయి చాలదని ఒప్పుకోవడం ఏ తండ్రికైనా ప్రాణం మీదికి వచ్చినట్టే ఉంటుంది, తెలుసు. కానీ మూడు వారాలుగా ఆమె ర్యాంకుతో వాదిస్తోంది, డబ్బు గురించి ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెబితే బ్యాంకు రుణం అంటుందేమో, ట్యూషన్లు చెప్పుకుంటాను అంటుందేమో, ఖమ్మమే చాలు అని తనంతట తానే అంటుందేమో. కోపంతో ఇంకో కాగితం కూడా అతికించవచ్చు, దానికీ సిద్ధంగా ఉండండి. ఆమె తెర కూడా తొలగిపోతుంది. ‘నాన్న మాట ఇచ్చారు’ అనే అడ్డం లేకుండా, ‘నాకు ఇప్పుడు పెళ్లి ఇష్టం లేదు’ అని సూటిగా చెప్పాలి. అలా చెబితే మీరు వినాలి. సంబంధాలు చూస్తే మాట తప్పినట్టు కాదని పట్టిక అంటుంది, అంతే. చూడటం మంచిదని అనదు. ఆమె ఒప్పుకోని సంబంధానికి పట్టికను సాక్షిగా తేకండి.

పాత మాటలు పక్కన పెట్టి కొత్త మాట ఇవ్వడం ఇంకో దారి. ఉదాహరణకు, ఖమ్మంలో ఎంసీఏలో చేరితే చివరి సెమిస్టరు ప్రాజెక్టుకు హైదరాబాదు పంపిస్తాను, ఆ చదువు పూర్తయ్యేదాకా సంబంధాల ఊసు ఎత్తను అనవచ్చు. ఖర్చు ఆరు నెలలకు తగ్గుతుంది, చిన్నవాడి ఫీజుకు ఊపిరి దొరుకుతుంది. దీనికి ఆమె ఒప్పుకోకపోవచ్చు కూడా, నగరంలో రెండేళ్లు ఉండటం వేరు, ఆరు నెలలు ఉండటం వేరు. ఏ మాట ఇచ్చినా ఈసారి ‘అయితే’ అంటున్నారా, ‘అయితేనే’ అంటున్నారా తేల్చుకుని అనండి. ‘రెండూ రాకపోతే’ లాంటి చోట ‘ఏదీ రాకపోతే’ అనో, ‘ఒక్కటి రాకపోయినా’ అనో విప్పి చెప్పండి. ఎప్పటిలోగానో కూడా చెప్పండి. సత్యపట్టికలో తారీఖులకు గడి ఉండదు, కౌన్సెలింగ్‌కు మాత్రం ఆఖరి రోజు ఉంటుంది.

ఆ ఆఖరి రోజుకు ఇంకా ఎన్నాళ్లుందో మీరు రాయలేదు. ఎక్కువ ఉండదనే నా భయం. అందుకని దారి ఏదో తేలేదాకా ఆగకుండా, ముందు మాటలు కలపండి. రేపు మధ్యాహ్నం ఆమె క్యారియర్ బల్ల మీద పెట్టగానే వెళ్లనివ్వకుండా, ఒక చెక్క మీద రెండు స్విచ్‌లూ ఒక హోల్డరూ బిగించి ఉంచండి. ర్యాంకు, పంపడం అని వాటి కింద సుద్దముక్కతో రాసి, ‘నీ పట్టిక ప్రకారం బల్బు రెండో వరుసలో మాత్రమే ఆరాలి, తీగలు ఎలా కలపాలో చెప్పు’ అని అడగండి. మొదటి స్విచ్‌ను తిరగేసి కలిపి, రెండోదానికి వేరే దారి ఇవ్వాలి. మీకు చిటికెలో తడుతుంది, ఆమెకు కాస్త సమయం పట్టవచ్చు, చెప్పేయకండి. అది వెలిగాక, రెండో మాటకు కూడా ఒక పట్టిక గీసి, మొదటిదాని పక్కనే ఫ్రిజ్ మీద అతికించమనండి.